గాలి లెక్క గుట్టు కాకూడదు

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో తలపెట్టిన జహీరాబాద్ పారిశ్రామిక స్మార్ట్ సిటీకి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. రేపు ఈ నేల మీద అంతస్తులు లేస్తాయి. హైదరాబాద్‌లో చేసిన తప్పు ఇక్కడ జరగకూడదు. 2006లో జీవో 86తో అక్కడ ఫ్లోర్ స్పేస్ పరిమితిని ఎత్తేసిన ప్రభుత్వం, గాలికి భవనం ఎంత ఊగుతుందన్న లెక్కను జనం ముందు పెట్టాలని మాత్రం బిల్డర్లకు షరతు పెట్టలేదు.

గాలి భవనాన్ని వెనక్కి నెట్టి ఊరుకోదు. భవనం వెనక సుడులు ఒకసారి కుడి నుంచి, మరోసారి ఎడమ నుంచి విడివడి దాన్ని పక్కలకు ఊపుతాయి. ఎల్, వై ఆకారాల్లో గాలి తోపు ఒకచోట, గోడల బిగువు మరోచోట కేంద్రీకృతమైతే భవనం మెలి తిరుగుతుంది. ఆ మెలి భారం చివరి స్తంభాల మీద ఎక్కువగా పడుతుంది. అందుకే ఇలాంటి ఎత్తైన కట్టడాలకు విండ్ టన్నెల్ (నమూనాపై గాలి వీచి చూసే) పరీక్షలు జరపాలని భారతీయ ప్రమాణాలు సూచిస్తున్నాయి. గాలికి భవనం పక్కకు జరిగేది ఎత్తులో 500వ వంతు దాటకూడదన్నది ఎత్తైన భవనాల ప్రమాణమైన ఐఎస్ 16700 నియమం. అంటే 200 మీటర్ల టవర్‌కు 40 సెంటీమీటర్లే హద్దు.

నగరంలో గీసిన డిజైన్‌ను తెచ్చి న్యాల్‌కల్‌లో నిలబెడితే చాలదు. చుట్టూ పొలాలే ఉన్నచోట గాలి వేగాన్ని తగ్గించే కట్టడాలుండవు. తర్వాత పక్కన మరో టవర్ లేస్తే గాలి దారే మారిపోతుంది.

గాలి లెక్కను గుట్టుగా ఉంచిన ఉదాహరణ ఒకటుంది. న్యూయార్క్‌లోని 59 అంతస్తుల సిటీకార్ప్ భవనంలో బోల్టుల జాయింట్లు మూలవాటు గాలికి చాలవేమోనన్న భయం 1978లో పుట్టింది. రాత్రిళ్లు గుట్టుగా ఉక్కు పలకలు వెల్డింగ్ చేశారు. అసలు సంగతి జనానికి తెలిసింది 1995లో. అప్పటిదాకా అక్కడ పనిచేసినవారిని చీకట్లో ఉంచడం నేరమే.

మన స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) స్ట్రక్చరల్ ఇంజినీరు పేరు చెప్పమంటుంది; ఆయన కట్టిన గాలి లెక్క చూపమనదు. ఈ లోపానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలి. వంకర ఆకారపు ప్రతి ఎత్తైన భవనానికీ విండ్ టన్నెల్ పరీక్షను తప్పనిసరి చేయాలి. రూర్కీ ఐఐటీలో, చెన్నైలోని సీఎస్‌ఐఆర్-ఎస్‌ఈఆర్‌సీలో ఆ వసతి ఉంది. నివేదికను బిల్డర్‌తో సంబంధం లేని ఇంజినీర్లు తనిఖీ చేయాలి. తెలుగు సారాంశంతో సహా దాన్ని బయటపెట్టాకే అనుమతి ఇవ్వాలి. భూములు వదులుకున్న రైతుల పిల్లలు ఆ అంతస్తుల్లో పనికి చేరే ముందు, అవి ఏ గాలికి ఎంత ఊగుతాయో అడిగి తెలుసుకునే హక్కు వారికి చట్టంలోనే ఉండాలి.