ఆ మురికిని తుడవకండి



సైన్స్ ఎక్స్‌పో దగ్గర పడిందంటే పిల్లల బ్యాగుల్లో పుస్తకాలతో పాటు థర్మోకోల్ ముక్కలు, ఫెవికాల్ డబ్బాలు కూడా వస్తాయి. వాట్సాప్ గ్రూపులో మీ మెసేజ్‌లు కూడా మొదలవుతాయి: "మేడం, రెడీమేడ్ మోడల్ తెస్తే ఒప్పుకుంటారా?" ఆ ప్రశ్నకి ఈసారి కాస్త వివరంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను. ఒక చిన్న ప్లాస్టిక్ యుద్ధ విమానం సంగతి చెబితే నా జవాబు మీకు అర్థమవుతుంది. ఇందులో తప్పు చేసింది మాత్రం నేనే.

నేను ఏడో తరగతికి మ్యాథ్స్ చెబుతాను. పోయిన సంవత్సరం మా క్లాసు మోడళ్ళకి మార్కులు వేసే పని నాది. ఒకే బల్ల మీద రెండు తేజస్ విమానాలున్నాయి. ఒకటి తళతళలాడుతోంది. నల్లటి స్టాండు, దాని మీద ప్రింటు చేయించిన పేరు. రెండోది బూడిద రంగుది. రెక్కల మీది గీతల్లో నల్లగా ఏదో పేరుకుని ఉంది. తోక దగ్గర మసి, చక్రాల చుట్టూ మట్టి మరకలు. మొదటిదానికి పదికి 9, రెండోదానికి 5 వేశాను. పక్కన "నీట్‌నెస్ లేదు" అని రాశాను. రెండు మోడళ్ళ దగ్గరా కలిపి రెండు నిమిషాలు కూడా నిలబడలేదు.

తర్వాతి శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి ఆ రెండో అబ్బాయిని వెంటబెట్టుకుని వాళ్ళమ్మగారు వచ్చారు. వాళ్ళది మైపాడు వైపు, సొంత మరబోటు ఉంది. "మురికిగా ఉందన్నారంట గదా మేడం. రాత్రి పన్నెండు దాకా కూచోని అంతా రుద్ది కడిగి, మళ్ళా వెండి రంగేసినాడు. ఇప్పుడు బాగుందా చూడండి" అంటూ విమానం తీసి నా చేతిలో పెట్టారు. నిజంగానే మెరుస్తోంది. నేను సంతోషపడి "ఇదేదో ముందే చేసి ఉంటే బాగుండేది కదరా" అన్నాను.

వాడు తల వంచుకునే చెప్పాడు: "అది మురికి గాదు మేడం. ఎగిరిన విమానం అట్లనే ఉంటాది. అది ముందుకు పోతా ఉంటే గాలి వెనక్కి తోస్తాది గదా, అందుకే మసంతా వెనక్కే లాగినాను. మా బోటుకి కూడా అంతే. పొగ గొట్టం వెనక పక్కే నల్లగా ఉంటాది."

ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. ఆ మసి పెట్టడానికి వాడికి నాలుగు ఆదివారాలు పట్టిందట. దాన్ని చెరపడానికి నేను రాసిన రెండు ముక్కలు సరిపోయాయి. మార్కులు సరిచేశాను. కానీ వాడు గమనించి పెట్టిన ఆ మరకల్ని నేను సరిగ్గా చూడకుండానే పోగొట్టాను.

ఆ రాత్రి ఇంటికెళ్ళి ఈ విషయం గురించి చదివాను. విమానాల మోడళ్ళు చేసేవాళ్ళు ఆ పనిని వెదరింగ్ అంటారు. ఎండ, గాలి, ఉప్పు, నూనె, మసి అసలు విమానం మీద ఏ గుర్తులు వదులుతాయో వాటిని చిన్న మోడల్ మీద చూపించడమే వెదరింగ్. ముక్కలు అతికించి రంగు వేయడంతో సగం పనే అవుతుంది. మిగతా సగం ఇదే. ఇక్కడ ప్రతి మరకకీ ఒక కారణం ఉండాలి. ఎగిరేటప్పుడు పడిన మరక ముందు నుంచి వెనక్కి సాగుతుంది. నేల మీద నిలబడి ఉన్నప్పుడు కారిన నూనె పై నుంచి కిందికి జారుతుంది. మెకానిక్‌లు ఎక్కి నడిచే చోట రంగు అరుగుతుంది, ఎవరూ తాకని చోట అరగదు. తోచిన చోటల్లా నల్లరంగు పూస్తే అది మురికే. కారణం తెలిసి పెడితే అది సైన్స్.

మన తేజస్‌నే తీసుకోండి. తేలికపాటి యుద్ధ విమానం తయారీకి ప్రభుత్వం 1983లో ఆమోదం తెలిపింది. మరుసటి ఏడాది బెంగళూరులో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడింది. బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు ఆ ప్రాజెక్టుకి డైరెక్టరుగా పనిచేశారు. తర్వాత ఆయన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ కూడా అయ్యారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ ఆ విమానాన్ని మొదటిసారి గాల్లోకి లేపారు. 2003లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి దానికి తేజస్ అని పేరు పెట్టారు. వాయుసేనలో తేజస్‌ల మొదటి స్క్వాడ్రన్ ఏర్పడింది 2016 జులై 1న. అంటే ఆమోదం నుంచి స్క్వాడ్రన్ దాకా 33 ఏళ్ళు. అలాంటి విమానం మోడల్‌ని మన పిల్లలు ఒక్క రాత్రిలో పూర్తిచేయాలని మనం ఎందుకు అనుకుంటాం?

ఇందులో మ్యాథ్స్ కూడా ఉంది. తేజస్ పొడవు 13.2 మీటర్లు, రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. 1:72 స్కేలులో చేస్తే మోడల్ పొడవు 18.3 సెంటీమీటర్లు, వెడల్పు 11.4 సెంటీమీటర్లు వస్తాయి. మన నెల్లూరు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీదే, కొరిశపాడు దగ్గర, విమానాలు అత్యవసరంగా దిగడానికి రన్‌వే కట్టారు. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. 2022 డిసెంబరులోనూ, 2024 మార్చిలోనూ వాయుసేన అక్కడ విన్యాసాలు చేసింది. సుఖోయ్-30 విమానాలు రోడ్డుకి బాగా కిందుగా వచ్చి పైకి లేచిపోయాయి. ఆ రన్‌వేని కూడా 1:72లో గీయాలంటే ఎంత స్థలం కావాలో మీ పిల్లల్ని అడగండి. దాదాపు 57 మీటర్ల పొడవు, 46 సెంటీమీటర్ల వెడల్పు. గ్రౌండులో సుద్దతో గీస్తే తప్ప సాధ్యం కాదు. నిష్పత్తి పాఠంలో ఇరవై లెక్కలు చేయించినా రాని అవగాహన ఆ ఒక్క గీతతో వస్తుంది.

సైన్స్ సంగతికొస్తే, చాలామంది పిల్లలు విమానాన్ని పాతదిగా చూపించాలంటే ఎర్రటి తుప్పు పూస్తారు. అది పొరపాటు. ఎర్ర తుప్పు ఇనుముకి పడుతుంది. విమానాల్లో ఎక్కువగా వాడే అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదు, ఉప్పు తగిలితే తెల్లటి పొడిలా పైకి వస్తుంది. తేజస్ కట్టడంలో బరువు లెక్కన దాదాపు 45 శాతం కార్బన్ కాంపోజిట్లే. పైకి కనిపించే చర్మంలో చాలా భాగం అదే. దానికి అసలు తుప్పే పట్టదు. కాబట్టి రంగు గీసుకుపోయినట్టు చూపించడానికి అక్కడ వెండి రంగు చుక్కలు పెట్టినా తప్పే. ఎందుకంటే కింద ఉన్నది లోహం కాదు. ఇంజన్ వెనక గొట్టం మాత్రం లోహం. వేడికి అది గోధుమ, నీలం రంగులు తేలుతుంది. ఇవన్నీ వేరే వేరే పాఠాల్లో మేం చెప్పేవే. కానీ ఒక్క మోడల్ ముందు కూర్చుంటే అన్నీ ఒకచోటికి వస్తాయి.

ఈ చదువుకి మన తీరం కన్నా మంచి ల్యాబ్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? ఆదివారం సాయంత్రం మైపాడు బీచికి వెళ్ళినప్పుడు బజ్జీలు తింటూనే ఒడ్డున ఉన్న బోట్లని చూపించండి. ఫైబర్ బోటు రంగు ఎండకి ఎలా వెలిసింది? లంగరు ఎందుకు ఎర్రబడింది? తాడు రాసుకునే చోట రంగు ఎందుకు లేదు? మీకు రొయ్యల గుంటలుంటే ఇంకా మంచిది. ఏరేటర్ల మీద ఏ భాగం ముందు తినేసిందో, ఏ భాగం బాగుందో మీకన్నా బాగా ఎవరు చెప్పగలరు? ఉప్పుగాలి ఏం చేస్తుందో పెద్దపెద్ద ఇంజనీర్లకీ పరీక్షే. 2020 జనవరి 11న తేజస్ నేవీ రకం విమానం ఐఎన్ఎస్ విక్రమాదిత్య నౌక మీద దిగింది. సముద్రం మీద తిరిగే విమానాలకి ఎగరడం ఒక పనైతే, ఉప్పుని మంచినీళ్ళతో కడిగించుకోవడం ఇంకో పని. మీ నాన్నగారు వేటనుంచి వచ్చాక ఇంజన్ని ఎందుకు కడుగుతారో తెలిసిన పిల్లవాడికి ఈ మాట కొత్తేం కాదు. అది పాఠమని వాడికి చెప్పాల్సింది మనమే.

మీ అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మీటింగుల్లో వింటూనే ఉంటాను.

"ఫీజు ఇంత కడుతున్నాం, చదువుకునే టైములో ఈ బొమ్మలేంటి?" అంటారు కొందరు. రోజూ కూర్చోమని నేను చెప్పను. ఆదివారం ఒక గంట, అలా ఆరు వారాలు చాలు. ఎక్స్‌పో ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ మేలుకుని చేసే పనికన్నా ఇది తక్కువే.

"కిట్లు ఖరీదు" అంటారు ఇంకొందరు. కిట్టే అక్కర్లేదు. అట్టముక్కతో కొలతల ప్రకారం కోసి చేసినా నాకు సమ్మతమే. వెదరింగ్‌కి కావలసినవి ఇంట్లోనే ఉంటాయి. నల్లరంగుని బాగా పలుచగా కలిపి సన్నటి బ్రష్‌తో గీతల్లోకి వదిలి, పైన అంటినది గుడ్డతో తుడిచేస్తే గీతలు తేలతాయి. పెన్సిల్ ములుకు పొడి వేలితో రుద్దితే మసి. సుద్దముక్క పొడితో దుమ్ము. స్పాంజి ముక్కని రంగులో ముంచి, దాదాపు ఆరిపోయేదాకా కాగితం మీద అద్ది, తర్వాత మోడల్‌కి తాకిస్తే అరిగిన చోట్లు.

"కట్టర్‌తో చెయ్యి కోసుకుంటే?" ఇది న్యాయమైన భయం. కట్టర్ పట్టేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. జిగురు, స్ప్రే రంగు వాడేటప్పుడు కిటికీలు తీసి పెట్టాలి. పక్కన ఉండండి కానీ, కట్టర్ మీరు లాక్కోకండి.

"మార్కులు పోతే?" అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పాల్సింది మీరు కాదు, మేము. మెరిసేదానికి 9, కష్టపడినదానికి 5 వేసే టీచరుంటే రెడీమేడ్ కొనే తల్లిదండ్రుల్ని తప్పుపట్టే హక్కు ఆ టీచరుకి లేదు. అందుకే ఈ ఏడాది నా క్లాసులో మోడళ్ళకి ఇలా మార్కులు వేస్తాను: కొలతలకి 4, "ఇది ఇక్కడ ఎందుకు ఉంది?" అన్న ప్రశ్నకి చెప్పే జవాబుకి 4, పనితనానికి 2. కొన్న మోడల్ తెస్తే పనితనానికి మార్కులుండవు, మిగతా ఎనిమిదికి పిల్లవాడు సమాధానం చెప్పుకోవాలి. ప్రతి మోడల్ దగ్గరా అయిదు నిమిషాలు నిలబడతాను. ఇది నా మాట.

మీ వంతుగా మూడు చేయండి. ఒకటి, రెక్క వంకరగా అతికినా సరే, సరిచేయకండి. ఎందుకు వంకరైందో వాడినే చూసుకోనివ్వండి. రెండు, "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగే ముందు "ఈ మరక ఇక్కడ ఎందుకు పెట్టావు?" అని అడగండి. మూడు, ఇల్లు సర్దేటప్పుడు టేబుల్ మీద ఉన్న మోడల్ మురికిగా కనిపిస్తే తుడిచే ముందు పిల్లల్ని ఒక్కమాట అడగండి.

ఆ అబ్బాయి ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నాడు. వెండి రంగు వేసిన తేజస్‌ని నేనే అడిగి తీసుకుని మా క్లాసు అల్మారాలో పెట్టుకున్నాను. మోడళ్ళకి మార్కులు వేయబోయే ముందు దాన్ని ఒకసారి చూసుకుంటాను. పోయిన నెల వరండాలో కనిపించి, "ఈసారి సుఖోయ్ చేస్తా ఉండాను మేడం" అన్నాడు. "మసి పెడతావా?" అని అడిగాను. నవ్వాడు గానీ, పెడతానని అనలేదు. పెద్దవాళ్ళ ఒక్క మాట పిల్లల మీద ఎంతకాలం ఉంటుందో ఆ నవ్వు చూస్తే నాకు తెలిసింది.

ఈసారి ఎక్స్‌పోకి మీరూ రండి. వాడి బల్ల దగ్గర ఆగండి. మసి ఉంటే, ఎందుకుందో అడగండి.

— మీ పిల్లల మ్యాథ్స్ టీచర్