'పోయొస్త' అని వాళ్లూ అంటారు

టేకుమట్లలో బస్సెక్కబోయే బిడ్డ 'పోతున్న' అంటే తల్లి ఊరుకోదు. 'పోయొస్త అనాలె' అని దిద్దుతుంది. జపాన్‌లోనూ ఇల్లు దాటేవాళ్లు చెప్పే మాట అదే- 'ఇత్తెకిమాస్'. వెళ్లి వస్తానని అర్థం. ఇంట్లోవాళ్లు 'ఇత్తెరష్షాయ్' అంటారు, వెళ్లి రమ్మని. తిరిగొచ్చి చెప్పులు విడుస్తూ 'తదైమా' అంటే లోపల్నుంచి 'ఒకాయెరి' అని వినిపిస్తుంది. మనందరికీ తెలిసిన 'సయొనారా' మాత్రం రోజూ ఇంట్లో వాడే మాట కాదు. అందులో ఎడబాటు ధ్వనిస్తుంది.

మన నమస్కారానికి వేళాపాళా లేదు. అక్కడ పొద్దున 'ఒహాయో గొజాయిమాస్', పగలు 'కొన్నిచివా', చీకటిపడ్డాక 'కొంబాన్‌వా'. దోస్తులతో ఒట్టి 'ఒహాయో' చాలు. పెద్దవాళ్ల దగ్గర 'గొజాయిమాస్' మింగేశారో, మన దగ్గర 'అండి' లేకుండా మాట్లాడినట్టే. అలాగని ఇంట్లో అమ్మకు 'కొన్నిచివా' చెబితే నవ్వుతుంది. పరాయివాళ్లను పలకరించినట్టుంటుంది మరి! చేతులు జోడించక్కర్లేదు, నడుం వంచితే సరి. ఎదురుపడితే 15 డిగ్రీలు, మర్యాదకు 30, క్షమాపణ అడగాలంటే 45.

ఇదంతా కాలక్షేపం కబుర్లనుకునేరు. 2019లో జపాన్ తెచ్చిన కొత్త వీసాపై వృద్ధులకు సేవలందించే ఉద్యోగానికి వెళ్లాలంటే జపనీస్ పరీక్ష పాసవ్వాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇక్కడి నర్సులకు ఆ భాషలో శిక్షణ ఇప్పించింది. పరీక్ష సంగతి అలా ఉంచితే, ఎనభయ్యేళ్ల అవ్వ గదిలోకి వెళ్లగానే ముందు నోట రావాల్సింది మందు పేరు కాదు, 'ఒహాయో గొజాయిమాస్'. డ్యూటీ దిగి వెళ్తుంటే తోటివాళ్లు 'ఒత్సుకరేసమా' అంటారు. పాపం, అలసిపోయారని. దీనికి సరితూగే పలకరింపు మాత్రం తెలుగులో వెతుక్కోవాల్సిందే.