సరిహద్దులు గీసిన సంఘాలు

ఆదిలో సంఘం ఒక్కటే ఉండేదని, తర్వాతివాళ్లు దాన్ని ముక్కలు చేశారని చాలామంది నమ్మకం. వినడానికి బాగానే ఉంటుంది గాని, కొత్త నిబంధనే దాన్ని ఒప్పుకోదు. యెరూషలేములోని తొలి సంఘంలోనే, గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. ఆ తగవు తీర్చడానికే ఏడుగురిని ఏర్పరచారు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ వచ్చిన పేతురు, యెరూషలేము నుంచి మనుషులు రాగానే పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందే ఆయన్ని నిలదీశాడు. కొరింథులో కొందరు తాము పౌలు పక్షమన్నారు, కొందరు అపొల్లో పక్షమన్నారు, మరికొందరు కేఫా, అంటే పేతురు పక్షమన్నారు. అదే సంఘంలో కలిగినవాళ్లు ముందుగా కడుపునిండా తినేవారు, లేనివాళ్లు ఆకలితో ఉండిపోయేవారు. భాష, జాతి, నాయకుడు, అన్నం. తర్వాతి రెండు వేల ఏళ్ల చీలికలకు విత్తనాలన్నీ మొదటి ముప్పై ఏళ్లలోనే పడ్డాయి.

అయినా ఆ సంఘాలు నిలిచాయి. ఎలా నిలిచాయో తెలియాలంటే సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డునున్న దురా యూరోపస్‌కు వెళ్లాలి. 1930ల తొలినాళ్లలో అక్కడి తవ్వకాల్లో మూడో శతాబ్దపు క్రైస్తవ మందిరం ఒకటి బయటపడింది. బయటి నుంచి చూస్తే అది మామూలు ఇటుక ఇల్లే. లోపల రెండు గదుల మధ్య గోడ తీసేసి కూడికకు హాలు చేసుకున్నారు. పక్కనున్న చిన్న గదిలో బాప్తిస్మానికి తొట్టి కట్టి, దాని పైకప్పు మీద నక్షత్రాలు వేశారు. గోడల మీద గొర్రెను మోస్తున్న కాపరి, పడక ఎత్తుకుని నడిచిపోతున్న రోగి, సమాధి దగ్గరికి వెళ్తున్న స్త్రీలు కనిపిస్తారు. ఆ వీధిలోనే యూదుల సమాజమందిరం ఉంది, కాస్త దూరంలో మిత్ర దేవుడి గుడి ఉంది. క్రీ.శ. 256 ప్రాంతంలో పారశీకులు ముట్టడించినప్పుడు రోమన్ సైనికులు కోట గోడను బలపరచడానికి ఆ వీధిని మట్టితో నింపేశారు. ఆ మట్టే ఈ మందిరాన్ని కాపాడింది. ఇలాంటి ఇళ్లలో ఒక బల్ల చుట్టూ కూర్చుని రొట్టె పంచుకున్న వాళ్లే ఆదిమ సంఘం. వాళ్లకు బిరుదులున్న పీఠాలు లేవు, రాజ్యం అండ లేదు.

313లో కాన్‌స్టంటైన్, లిసీనియస్ చక్రవర్తుల మధ్య కుదిరిన ఒప్పందంతో రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవుల మీద వేధింపులు ఆగాయి. 325లో కాన్‌స్టంటైనే బిషప్పులను నికయా పట్టణానికి పిలిపించాడు. కుమారుడు తండ్రితో సమానుడా, సృష్టింపబడినవాడా అన్న వాదం అక్కడ తేలింది. నికయా పేరుతో ఉన్న విశ్వాస ప్రమాణాన్ని ఈనాటికీ ఎన్నో సంఘాలు ఆదివారం ఆరాధనలో చెప్పుకుంటాయి. ఆ సభకు 2025లో 1700 ఏళ్లు నిండాయి. అయితే చక్రవర్తి నీడలోకి వచ్చిన నాటి నుంచి విశ్వాసానికి రాజ్యపు సరిహద్దులు కూడా అంటుకున్నాయి.

పారశీక రాజ్యంలోని క్రైస్తవుల కథ చూడండి. రోమన్ చక్రవర్తి క్రైస్తవుడయ్యేసరికి, పారశీక రాజు కళ్లకు తన దేశపు క్రైస్తవులు శత్రువు మనుషుల్లా కనిపించారు. రెండవ షాపూర్ కాలంలో వాళ్లు ఘోరమైన హింస అనుభవించారు. 410లో సెలూసియా-టెసిఫోన్ సభలో ఆ సంఘం నికయా విశ్వాసాన్ని స్వీకరించింది. 424లో మరో సభ పెట్టుకుని, తమ తగవులను పడమటి బిషప్పుల దగ్గరికి తీసుకుపోబోమని తీర్మానించుకుంది. క్రీస్తు స్వభావాల గురించిన వాదంలో కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్టోరియస్‌ను ఖండించిన ఎఫెసు సభ జరిగింది 431లో. అంటే సిద్ధాంత వివాదం కంటే ముందే దారులు వేరుపడ్డాయి. ఆ తూర్పు సంఘమే 635 నాటికి చైనా చేరింది, మన మలబారు తీరపు తోమా క్రైస్తవులతో శతాబ్దాల పాటు బంధం నిలుపుకుంది. 1994లో రోములో ఆ సంఘపు పాట్రియార్క్ నాలుగవ మార్ దిన్ఖా, పోప్ రెండవ జాన్ పాల్ కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. క్రీస్తు గురించి ఇద్దరి విశ్వాసం ఒక్కటేనని దాని సారాంశం. ఆ మాట చెప్పుకోవడానికి పదిహేను వందల ఏళ్లు పైనే పట్టింది.

451లో క్రీస్తు స్వభావాల గురించి కల్సెదోను సభ తీర్పు చెప్పింది. ఆ ఏడాదే ఆర్మేనియన్లు తమ విశ్వాసం కోసం అవరాయిర్ మైదానంలో పారశీక సేనలతో పోరాడుతున్నారు. తమ గొంతు వినిపించని సభ తీర్పును వాళ్లు తర్వాత తోసిపుచ్చారు. ఈజిప్టులో కోప్టిక్ సంఘం, సిరియాలో అక్కడి సంఘం కూడా అదే దారి పట్టాయి. 1054లో రోము, కాన్‌స్టాంటినోపుల్ పీఠాల ప్రతినిధులు ఒకరినొకరు వెలివేసుకున్నారు. అంతకంటే లోతైన గాయం 1204లో తగిలింది. ఆ ఏడాది శిలువ యోధులు సాటి క్రైస్తవుల నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకున్నారు. 1054 నాటి వెలిని రెండు పక్షాలూ ఉపసంహరించుకున్నది 1965లో.

1517లో విట్టెన్‌బర్గ్‌లో లూథర్ లేవనెత్తిన ప్రశ్నలు మనస్సాక్షికి సంబంధించినవి. పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఎదిరించడానికి నిజమైన ధైర్యం కావాలి. 1529లో మార్‌బుర్గ్‌లో లూథర్, స్విస్ సంస్కర్త జ్వింగ్లీ కలుసుకుని పదిహేను అంశాలు చర్చించారు. పద్నాలుగింటి మీద ఒప్పందం కుదిరింది. ప్రభు భోజనంలో క్రీస్తు సాన్నిధ్యం ఎలాంటిదన్న ఒక్క విషయంలో మాత్రం కుదరలేదు. కలిసి కూర్చోవలసిన బల్ల దగ్గరే విడిపోయారు. 1555లో ఆగ్స్‌బర్గ్ ఒడంబడిక, పాలకుడిది ఏ మతమో ప్రజలదీ అదేనని తేల్చేసింది. ఊరు ఏ దొర ఏలుబడిలో ఉందో చూసి, ఆ ఊరివాడు కేథలిక్కా, లూథరనా అన్నది చెప్పగలిగేవారు. పెద్దయ్యాక తెలిసి తీసుకున్న బాప్తిస్మమే చెల్లుతుందన్న అనాబాప్టిస్టులకు ఆ ఒడంబడికలో చోటే లేదు.

ఈ కథ తెలుగు నేలమీదా జరిగింది. లండన్ మిషను 1805లో విశాఖపట్నం వచ్చింది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో దిగి తర్వాత ఒంగోలుకు విస్తరించారు. చర్చి మిషనరీ సొసైటీ 1841లో బందరు, లూథరన్ హేయర్ దొర 1842లో గుంటూరు, కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడ చేరారు. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది. ఒకరి పొలిమేరలోకి ఒకరు పోకూడదని ప్రొటెస్టెంటు మిషన్లు ఒప్పందాలు చేసుకున్నాయి. అందువల్ల గుంటూరు వైపు రైతుకూలీ లూథరన్ అయ్యాడు, ఒంగోలు వైపు అతని బావమరిది బాప్టిస్టు అయ్యాడు. మార్‌బుర్గ్ వాదం ఇద్దరికీ తెలియదు. పెళ్లి సంబంధాల దగ్గర, బాప్తిస్మం నీళ్లు చిలకరించాలా, ముంచాలా అన్న దగ్గర మాత్రం ఆ గీత ఇద్దరికీ అడ్డొచ్చింది. దానికి మన సొంత గీత కూడా తోడైంది. ఒకే ఊళ్లో మాలపల్లె ఒక మందిరానికి, మాదిగపల్లె మరో మందిరానికి పోయిన చోట్లున్నాయి. కొరింథు బల్ల దగ్గరి అన్యాయం మన ఊళ్లలో కులం రూపంలో కూర్చుంది. దీన్ని దాచిపెట్టి రాసే సంఘ చరిత్ర ఏదీ నిజాయితీ గలది కాదు.

గీతలు దాటినవాళ్లూ మన దగ్గరే ఉన్నారు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు అజరయ్య తమిళుడు. 1912లో దోర్నకల్ పీఠానికి వచ్చి తెలుగు గ్రామాల సంఘాలకు జీవితం ధారపోశాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథీడ్రల్‌లో గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిసి ఉంటాయి. చీలికలు పడమటి వాళ్ల వారసత్వమని, వాటిని మోయవలసిన అవసరం మనకు లేదని 1919లో తరంగంబాడి సమావేశంలో గట్టిగా వాదించినవాళ్లలో ఆయన ముందున్నాడు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. బిషప్పులున్న సంఘాలూ, లేని సంఘాలూ ఇలా ఒక్కటవడం ప్రపంచ క్రైస్తవ చరిత్రలో పెద్ద మలుపు. అజరయ్య అది చూడకుండానే 1945లో కన్నుమూశాడు. బాప్టిస్టులు, లూథరన్లు ఆ కలయికలో చేరలేదు. అయినా పురుషోత్తమ చౌదరి వంటి కవుల పాటలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఈ మందిరాలన్నిటిలోనూ ఉంటుంది. పాట మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి గాని మిషను పేరు ఉండదు.

సిద్ధాంతాలు అప్రధానమని మేము అనడం లేదు. వాటి కోసం ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. అయితే చీలికకు సిద్ధాంతం ఎంత కారణమో, రాజ్యం, భాష, కులం, మిషను పొలిమేర అంతే కారణమని చరిత్ర చెబుతోంది. ఈ రెంటినీ వేరుచేసి చూడగలిగితే, దేన్ని నిలుపుకోవాలో, దేన్ని వదులుకోవాలో తెలుస్తుంది.

తెలుగు సంఘాల చరిత్ర చాలావరకు మిషనరీల నివేదికల్లో, వాళ్ల భాషలో, వాళ్ల చూపుతో ఉంది. జాషువా వంటి మహాకవిని ఇచ్చిన సమాజం తన ఊరి మందిరం కథను ఇంకా తన మాటల్లో రాసుకోలేదు. బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. బైబిలు స్త్రీలుగా ఊరూరా నడిచినవాళ్ల జ్ఞాపకాలు వాళ్లతోనే పోతున్నాయి. పాస్టర్లకు, ఉపాధ్యాయులకు, పరిశోధక విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. మీ ఊరి సంఘం ఎవరితో మొదలైంది, ఏ ఇంట్లో కూడింది, ఎందుకు విడిపోయింది అని పెద్దలను అడిగి రాయండి. ఏ శాఖవారైనా సరే, ఈ పత్రిక ఆ రాతలను అచ్చువేస్తుంది.