రోజుకు 10 గంటల పని: ఆ పదో గంటలో జరిగేదెంత?

షిఫ్ట్ ఒక గంట పెరిగితే ప్రొడక్షన్ కూడా గంట మేర పెరుగుతుందా? కాగితం మీద లెక్క వేస్తే పెరగాల్సిందే. కానీ షాప్‌ఫ్లోర్‌లో నిలబడి చూస్తే లెక్క తేడా కొడుతుంది.

2025 జూన్‌లో ఏపీ కేబినెట్ ఫ్యాక్టరీల్లో రోజువారీ గరిష్ఠ పని గంటలను 9 నుంచి 10కి పెంచే సవరణకు ఓకే చెప్పింది. నెల రోజులకే, జులై 5న తెలంగాణ ప్రభుత్వం కూడా దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిస్తూ ఉత్తర్వులిచ్చింది. పెట్టుబడులు రావాలి, వ్యాపారం చేసుకోవడం తేలిక కావాలి అన్నది ప్రభుత్వాల మాట. రెండు చోట్లా వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. అందుకే ‘వారం లెక్క మారలేదు కదా, ఇంత గొడవెందుకు?’ అనేవాళ్లూ ఉన్నారు.

అసలు సంగతి ఓవర్‌టైమ్‌లో ఉంది.

ఏపీ సవరణలో మూడు నెలలకు 75 గంటలున్న ఓటీ పరిమితి 144 గంటలైంది. తెలంగాణ ఉత్తర్వుల్లోనూ అదే 144. మూడు నెలలంటే 13 వారాలు. భాగిస్తే వారానికి 11 గంటలు. 48కి 11 కలిపితే 59. అంటే రూల్ ఎక్కడా దాటకుండానే ఒక మనిషి చేత వారానికి సగటున 59 గంటలు పని చేయించొచ్చు. ఈ 59ని కాస్త గుర్తుపెట్టుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం విడుదల చేశాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే ఎక్కువ గంటల పని వల్ల ప్రపంచవ్యాప్తంగా 7,45,000 మంది చనిపోయారని అంచనా వేశాయి. మన 59 ఆ గీత దాటి నాలుగు గంటలు ముందుకెళ్లింది.

సరే, ఆరోగ్యం సంగతి పక్కన పెడదాం. యజమాని వైపు నుంచే చూద్దాం. ఎక్కువ గంటలు పనిచేయిస్తే ఎక్కువ సరుకు వస్తుందా?

దీనికి వందేళ్ల కిందటి లెక్కే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల్లో కార్మికులతో విపరీతంగా పని చేయించారు. వాళ్లలో మహిళలే చాలామంది. ఎవరు వారానికి ఎన్ని గంటలు చేశారు, ఎన్ని పీసులు తయారయ్యాయి అన్నది అప్పటి ప్రభుత్వ కమిటీ రాసిపెట్టింది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెంకావెల్ 2014లో ఆ లెక్కలన్నీ మళ్లీ తిరగేశారు. సుమారు 49 గంటల వరకు గంటలు పెరిగే కొద్దీ సరుకు కూడా అదే లెక్కన పెరిగింది. అక్కడి నుంచి పెరుగుదల పడిపోతూ వచ్చింది. 70 గంటలు చేసిన వారంలో వచ్చిన సరుకుకీ, 56 గంటలు చేసిన వారంలో వచ్చినదానికీ పెద్ద తేడా లేదు! 14 గంటలు మనిషి మెషీన్ దగ్గరే ఉన్నాడు, ఫలితం మాత్రం దాదాపు సున్నా. ఆదివారం సెలవు తీసేసిన చోట కూడా నష్టమే జరిగింది. అది తుపాకీ గుళ్ల కాలం, దేశం కోసం అన్న కసి కూడా ఉన్న కాలం. అప్పుడే పనవ్వలేదు.

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 70 గంటలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటల మాట మాట్లాడారు. అదే నెలాఖరులో పార్లమెంటు ముందుకొచ్చిన ఎకనమిక్ సర్వే మాత్రం, రోజుకు 12 గంటలు అంతకు మించి డెస్క్ దగ్గర గడిపేవాళ్ల మానసిక ఆరోగ్యం దెబ్బతింటోందని ఒక అధ్యయనాన్ని ముందు పెట్టింది. ప్రభుత్వ పత్రమే ఆ మాట చెప్పాక ఈ 70, 90ల చర్చ ఇంకా సాగదీయడం అనవసరం అనిపిస్తుంది.

చివరి గంటల్లో ఒంట్లో జరిగేది సింపుల్. ఒకే చోట నిలబడితే కాళ్లలో రక్తం కిందికి చేరుతుంది, పాదాలు వాస్తాయి, నడుము పట్టేస్తుంది. నొప్పి ఉన్నప్పుడు దృష్టి పని మీద ఉండదు. చెయ్యి నెమ్మదిస్తుంది, తప్పు పీసు వెళ్తుంది, దాన్ని పట్టుకుని మళ్లీ చేయడానికి ఇంకొకరి టైం పోతుంది. ఐటీ ఆఫీసులోనూ అంతే. రాత్రి పదికి కళ్లు మూతలు పడుతుంటే రాసిన కోడ్‌ను పొద్దున్నే కూర్చుని సరిచేసుకోవాలి. రిజిస్టర్‌లో మాత్రం అవన్నీ ‘పని గంటలే’. ఇలాంటప్పుడు ఏపీ సవరణలో విరామానికి ముందు చేయాల్సిన పనిని 5 గంటల నుంచి 6 గంటలకు పెంచడం మీద పెద్దగా చర్చే జరగలేదు. నిజానికి పదో గంట కంటే ఇదే ముందు తెలుస్తుంది కాళ్లకి.

ఇక ఇంటి లెక్క. 10 గంటల డ్యూటీ, అరగంట విరామం, కంపెనీ బస్సులో రానుపోను 3 గంటలు అనుకుందాం. 24లో మిగిలేది పదిన్నర. కేంద్రం చేసిన 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే ఖర్చు పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు ఇది కాస్త తక్కువే ఉండొచ్చు. అయినా 289 తీసేస్తే మిగిలేది 5 గంటల 40 నిమిషాలు. నిద్ర, స్నానం, తిండి, పిల్లల హోంవర్క్ అన్నీ అందులోనే. ఓటీ పడిన రోజు కోత పడేది నిద్రకే. ఆ మనిషి మర్నాడు మొదటి గంటలోనే అలసిపోయి ఉంటుంది. పదో గంట దాకా ఆగక్కర్లేదు.

ఎండ ఇంకో ఎత్తు. వేడి వల్ల 2030 నాటికి భారత్ 5.8 శాతం పని గంటలు కోల్పోతుందని, అది 3.4 కోట్ల ఫుల్‌టైమ్ ఉద్యోగాలతో సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఒక్కసారి నిలబడినవాళ్లకు ఈ లెక్క కొత్తేం కాదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఓటీ కావాలని అడిగే కార్మికులు చాలామందే ఉన్నారు. జీతం సరిపోదు కాబట్టి. చట్టం ప్రకారం ఓటీకి రెట్టింపు రేటు ఇవ్వాలి. కానీ సింగిల్ రేటే చేతిలో పెడుతున్నారన్నది కాంట్రాక్ట్ కార్మికుల నుంచి తరచూ వినిపించే ఫిర్యాదు. రెట్టింపు నిజంగా ఇవ్వాల్సి వస్తే, సగం ఫలితం వచ్చే గంటకు డబుల్ డబ్బులు పెట్టడం కంటే ఇంకో షిఫ్ట్‌కి కొత్తవాళ్లను తీసుకోవడమే చాలా కంపెనీలకు లాభం. అంటే పదో గంట చౌకగా కనిపిస్తోందంటే, దాని ఖరీదు ఎవరో ఎక్కడో ఎగ్గొడుతున్నారని అనుమానించాలి.

ఖర్చు లేకుండా అయ్యే పనులూ ఉన్నాయి. నిలబడి పనిచేసేవాళ్లకు వీలు దొరికినప్పుడు కూర్చునేందుకు ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. బట్టల షాపుల్లో పనిచేసే మహిళల పోరాటంతో కేరళ 2018లో దుకాణాలకూ ఈ హక్కు తెచ్చింది. 2021లో తమిళనాడు చట్టం చేసింది. ఈ పెళ్లిళ్ల సీజన్‌లో పట్టుచీరలు కొనడానికి వెళ్తే ఒకసారి గమనించండి. మనకు స్టూల్ వేస్తారు, కూల్‌డ్రింక్ ఇస్తారు. యాభై చీరలు విప్పి, మడతపెట్టే అమ్మాయి వెనకాల కుర్చీ ఉందో లేదో చూడండి.