కంటికి అరువు గుజ్జు

కంటిలో ఏముందని పిల్లలను అడిగితే నల్లగుడ్డు, తెల్లగుడ్డు అంటారు. పెద్దవాళ్లయితే శుక్లం సంగతి కూడా ఎత్తుతారు. కాని కంటిగుడ్డులో అయిదింట నాలుగు వంతుల చోటు ఆక్రమించుకుని కూర్చున్న వస్తువు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అదొక గుజ్జు. లేత తాటిముంజలా తేటగా, మెత్తగా వుంటుంది. మొత్తం కలిపి సుమారు 4 మిల్లీలీటర్లు, అంటే టీ చెంచాకు కాస్త తక్కువ. డాక్టర్లు దీన్ని విట్రియస్ అంటారు. మనం గుజ్జు అనే అనుకుందాం.

ఇందులో నూటికి 98 పాళ్లకు పైగా నీరే. కిటుకంతా మిగిలిన ఆ కాస్తలోనే వుంది. కొలాజెన్ అనే సన్నని పోగులు వలలాగా అల్లుకుంటే, హయలురోనిక్ ఆమ్లమనే జిగురు పదార్థం ఆ వలలో నీటిని పట్టి నిలుపుతుంది. ఈ జిగురును 1934లో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రజ్ఞులు పశువుల కళ్లలోని గుజ్జునుంచే మొదటిసారి వేరు చేశారు.

కంటి వెనకగోడకు లోపలివైపున రెటీనా అనే పల్చని పొర పరుచుకుని వుంటుంది. మనం చూసే ప్రతి బొమ్మా పడేది దానిమీదే. చిన్నతనంలో గుజ్జు నిండుగా వుండి, ఆ పొరను ఆనుకుని వుంటుంది. వయసు మీరినకొద్దీ, తోడుకున్న పెరుగుమీద నీరు తేరినట్లు, గుజ్జు విరిగి నీరవుతుంది. మిగిలింది ముడుచుకుని రెటీనానుంచి విడివడుతుంది. చాలామందిలో దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. కంటిముందు దోమలు, నలకలు తేలుతున్నట్లు కనిపించి, కొన్నాళ్లకు అలవాటైపోతాయి.

కొందరిలో మాత్రం గుజ్జు విడిపోతూ రెటీనాను పట్టి లాగి చింపుతుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కు దూరి, చెమ్మెక్కిన గోడమీద సున్నం పెచ్చు లేచినట్లు రెటీనాను ఊడదీస్తుంది. మైనస్ నంబరు ఎక్కువగా వున్న కళ్లద్దాలవారికి, కంటికి దెబ్బ తగిలినవారికి, శుక్లం ఆపరేషను అయినవారికి ఈ ప్రమాదం మిగతావారికంటే ఎక్కువ.

ఒకప్పుడు రెటీనా ఊడితే ఆ కన్ను పోయినట్లే లెక్క. 1920 తర్వాతి సంవత్సరాల్లో స్విట్జర్లండులోని లోసాన్ నగరంలో జూల్స్ గోనిన్ అనే నేత్రవైద్యుడు, చిరుగును వెతికి పట్టుకుని మూసివేస్తే రెటీనా తిరిగి అతుక్కుంటుందని చేసి చూపించాడు. 1970లో అమెరికాలోని మయామీలో రాబర్ట్ మాకెమర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. రక్తం చేరి మసకబారిన గుజ్జును, రెటీనాను లాగుతున్న గుజ్జును, సన్నని పరికరం లోపలికి పోనిచ్చి ముక్కలు చేసి పీల్చివేసే పద్ధతి కనిపెట్టాడు.

బాగానే వుంది. మరి తీసేసిన గుజ్జు తిరిగి పుడుతుందా? పుట్టదు. కన్ను తనలో ఊరే నీటితో ఆ ఖాళీని నింపుకుంటుంది. ఆ నీటితో కన్ను బతుకుతుంది, చూస్తుంది కూడా. కాని కొత్తగా అతికించిన చిరుగు మానేదాకా నీరు దాన్ని అదిమి పట్టలేదు. అందుకని డాక్టర్లు కన్నుకు మరొకటేదైనా అరువు తెచ్చి నింపుతారు.

అలా తెచ్చేవాటిలో మొదటిది వాయువు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడు స్వచ్ఛంగా పంపితే కంటిలో సుమారు రెట్టింపు వ్యాకోచించి రెండు వారాల్లో కరిగిపోతుంది. పర్‌ఫ్లోరోప్రొపేను నాలుగు రెట్లయి, ఆరు నుంచి ఎనిమిది వారాలు వుంటుంది. వాయువు బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది కదా! చిరుగు కంటి వెనకభాగంలో వుంటే, బుడగ దానికి ఆనాలంటే రోగి తల వంచుకునో, బోర్లానో వుండాలి. రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని రోజులన్నది డాక్టరు చెబుతారు. "ఆపరేషను అయిపోయింది, ఇంకేమిటి?" అని వెల్లకిలా పడుకుంటే పడ్డ శ్రమంతా వృథా. సగం వైద్యం ఆపరేషను గదిలో జరిగితే, మిగతా సగం ఇంట్లో దిండ్లు సర్ది, అన్నం దగ్గర పెట్టి, కబుర్లు చెబుతూ పక్కన కూర్చునేవాళ్ల చేతుల్లో జరుగుతుంది.

ఇంకొక హెచ్చరిక. కంటిలో వాయువు వున్నన్నాళ్లు విమానం ఎక్కరాదు. పైకి పోయినకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, బుడగ ఉబ్బి, కంటిలోపలి ఒత్తిడి ప్రమాదస్థాయికి పెరుగుతుంది. కొండప్రయాణాలకూ ఇదే భయం. చూపు వస్తే తిరుమల కొండకు వస్తామని మొక్కుకున్నవారు, బుడగ పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పిన తర్వాతే బయలుదేరడం మంచిది. ఈలోగా మరే ఆపరేషనుకైనా మత్తు ఇవ్వవలసివస్తే, కంటిలో వాయువు వున్న సంగతి ఆ డాక్టరుకు ముందే చెప్పితీరాలి.

రెండవది సిలికోన్ నూనె. అమెరికాలో సెయింట్ లూయీ నగరపు పాల్ సిబిస్ 1962లో దీని ఉపయోగాన్ని లోకానికి తెలియజేశాడు. వాయువులా ఇది కరిగిపోదు. నెలల తరబడి రెటీనాను అదిమి పడుతుంది. కాని అరువు సొమ్ము బరువు చేటన్నారు. ఎక్కువకాలం వుంటే నూనె చిన్నచిన్న బిందువులుగా చెదురుతుంది, శుక్లాన్ని తెస్తుంది, నీటికాసులకు కూడా దారితీయవచ్చు. అందువల్ల సాధారణంగా కొన్ని నెలలకు ఇంకో ఆపరేషను చేసి దాన్ని తీసేస్తారు.

గుజ్జుకు మారుగా గుజ్జునే పెట్టకూడదా అని మీరడగవచ్చు. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎండ్రే బాలాజ్ అదే అడిగాడు. కోడిపుంజు నెత్తిమీది ఎర్రని తురాయినుంచి హయలురోనిక్ ఆమ్లాన్ని అతిశుద్ధంగా తీసి, పోయిన గుజ్జు స్థానంలో నింపాలని చూశాడు. అది కంటి వెనకభాగంలో ఎక్కువకాలం నిలవలేదు. అయితే పెరటికనుకున్నది వాకిట్లో పనికివచ్చింది. శుక్లం ఆపరేషనులో కంటి ముందుగది కుంగిపోకుండా నిలబెట్టాలి. నల్లగుడ్డు మీది అద్దంపొరకు లోపలివైపున వుండే కణాలకు పరికరాలు తగలకుండా చూడాలి. ఆ కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. ఈ జెల్ ఆ రెండు పనులూ చక్కగా చేసింది. 1980 ప్రాంతంనుంచి అది నేత్రవైద్యుల చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ ఆమ్లాన్ని సూక్ష్మజీవుల సాయంతో కూడా తయారుచేస్తున్నారు. మన దేశంలో సెల్యులోజునుంచి చేసే చవకైన జెల్ కూడా విరివిగా వాడుతున్నారు. అద్దం అమర్చాక దాన్ని కడిగివేస్తారు. మిగిలిపోతే కంటి ఒత్తిడి పెరుగుతుంది. మీ ఇంట్లో శుక్లం తీయించుకున్న బామ్మగారు వుంటే, ఆవిడ కన్ను కూడా ఆ కాసేపూ ఇలాంటి జెల్ చాటున కాలక్షేపం చేసే వుంటుంది!

వెనక గదికి మాత్రం వెతుకులాట సాగుతూనే వుంది. అది ఎంత కష్టమో చూడండి. ఆ పదార్థం సన్నని సూదిలోంచి నీరులా జారాలి, లోపల గుజ్జుగా పేరుకోవాలి, ఏళ్లు గడిచినా మసకబారరాదు, ఉబ్బరాదు. 1980 ప్రాంతంలో రెటీనా ఊడినవారికి కంటిగుడ్డు బయట కట్టుగా ఒకరకం హైడ్రోజెల్ వాడితే, ఎన్నో ఏళ్లకు కొందరిలో అది నీరు పీల్చి ఉబ్బి, తీసివేయవలసి వచ్చింది. అందుకే శాస్త్రజ్ఞులకు తొందరలేదు. 2017లో జపాను శాస్త్రజ్ఞులు నూటికి 99 పాళ్లకు పైగా నీరే వుండే జెల్‌ను కుందేళ్ల కళ్లలో పెట్టి, 410 రోజులు గమనించి, చెప్పుకోదగ్గ హాని లేదని ప్రకటించారు. 2019లో సింగపూరు శాస్త్రజ్ఞులు, చల్లగా వుంటే ద్రవంగా వుండి శరీరపు వేడికి పేరుకునే జెల్‌ను కోతుల కళ్లలో పరీక్షించారు. ఆశలు కలిగించే వార్తలే గాని, ఆసుపత్రుల్లో వాయువు, నూనెల స్థానాన్ని ఈ జెల్‌లు ఇంకా అందుకోలేదు.

కాబట్టి పుట్టుకతో వచ్చిన గుజ్జును, దాని వెనక రెటీనాను కనిపెట్టి వుండడమే మన పని. ఉన్నట్టుండి కంటిముందు నల్లని చుక్కలు గుంపుగా రాలుతున్నా, చీకట్లో కూడా మెరుపులు మెరుస్తున్నా, చూపుకు ఒక పక్కనుంచి తెర దిగుతున్నట్లు వున్నా, నొప్పి లేదు గదా అని ఊరుకోకండి. రెటీనాకు నొప్పి తెలియదు. ఆముదపు చుక్కలు, ఆకుపసర్లు వేసి కాలయాపన చేయకండి. ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి. చిరుగు మాత్రమే వుంటే లేజరుతో చుట్టూ అతికించి పంపించవచ్చు. రెటీనా ఊడటం మొదలైనా, దాని నడిమిభాగం ఊడకముందే ఆపరేషను జరిగితే మంచి చూపు నిలిచే అవకాశం చాలా ఎక్కువ. ఆదివారం అబ్బాయి వస్తాడు, వాడితో వెళ్తాననే తాతగారి మాట ఈ ఒక్క విషయంలో వినకండి.