కోత మారింది, కొనుగోలు మారలేదు

ధాన్యం కొనుగోలు ఒక వరుస క్రమం. టోకెన్, తేమ పరీక్ష, నాణ్యత పరిశీలన, తూకం, మిల్లుకు రవాణా, రైతు ఖాతాకు సొమ్ము జమ: వీటిలో ఏ ఒక్క దశ ఆగినా తరువాతివన్నీ నిలిచిపోతాయి. జాప్యానికి సిబ్బంది అలసత్వమే కారణమని సాధారణంగా భావిస్తారు. అయితే అదే సిబ్బంది, అవే నిబంధనలు ఒక ఏడాది సజావుగా నడచి మరో ఏడాది ఎందుకు విఫలమవుతున్నాయో ఆ వాదన వివరించలేదు. మారినవి బయటి పరిస్థితులు.

కొడవలితో కోసిన కాలంలో పనలు కొన్ని రోజులు చేలోనే ఆరేవి. ఆపై కుప్ప వేసి, వీలు చూసి నూర్చేవారు. ఆరుదల, నిల్వ ఆ పద్ధతిలోనే ఇమిడి ఉండేవి. వరికోత యంత్రం కూలీల కొరతను తీర్చింది గాని, కోతకు నూర్పిడికి మధ్యనున్న ఆ వ్యవధిని తొలగించింది. ఫలితంగా పచ్చి ధాన్యం ఒక్కుమ్మడిగా కేంద్రాలకు చేరుతున్నది. అనుమతించిన గరిష్ఠ తేమ మాత్రం 17 శాతమే. 22 శాతం తేమ గల 100 క్వింటాళ్ల ధాన్యాన్ని ఆ స్థాయికి తేవాలంటే సుమారు 6 క్వింటాళ్ల నీరు ఆవిరి కావాలి. ఆ పని నేడు రోడ్ల అంచున, టార్పాలిన్లపై, ఎండను నమ్ముకొని సాగుతున్నది.

ఆ ఎండకూ భరోసా లేదు. 2023 ఏప్రిల్, మే నెలల అకాల వర్షాలకు తెలంగాణలో కొనుగోలు కేంద్రాల వద్దనే ధాన్యం తడిసింది. అదే ఏడాది డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను కోస్తాలో కోతకు వచ్చిన వరిని దెబ్బతీసింది.

ఆపదవేళ తేమ నిబంధన సడలించడం న్యాయమే. అయితే అది శాశ్వత పరిష్కారం కాదు. తడి ధాన్యం రాశిలో వేడెక్కి రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. సడలింపు నష్టాన్ని మిల్లుకు బదిలీ చేస్తుందే తప్ప తొలగించదు.

కేంద్రాల సామర్థ్యాన్ని సీజను మొత్తం రాబడిని బట్టి కాక, అత్యధిక రాబడి ఉండే రోజును బట్టి నిర్ణయించాలి. టోకెన్ల జారీని వాతావరణ సూచనతో అనుసంధానించాలి. సహకార సంఘాల స్థాయిలో ఆరబెట్టే యంత్రాలు నెలకొల్పాలి. సేకరించిన టన్నులతో పాటు, కోతకు తూకానికి మధ్య గడచిన గంటలను కూడా పనితీరుకు కొలమానంగా స్వీకరించాలి.

విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత ఇంకా ముందే, నారుమడి దశలోనే మొదలవుతుంది. ఒక ఆయకట్టులో ఒకే కాలపరిమితి గల రకాన్ని ఒకే వారంలో నాటిస్తే, కోతలన్నీ ఒకే వారంలో వచ్చిపడతాయి. రకాన్ని సిఫారసు చేసేటప్పుడు దిగుబడితో పాటు కోత తేదీల విస్తరణనూ లెక్కలోకి తీసుకోవాలి. లేనిపక్షంలో చేలో గెలిచిన రైతు కేంద్రం వాకిట ఓడిపోతూనే ఉంటాడు.