కౌంటర్ దగ్గర మన తవక్కుల్ ఎక్కడికి పోతుంది?

గత ఎండాకాలం లెస్టర్‌లో ఉండే మా ఆపా వాళ్లింటికి వెళ్లినప్పుడు, అందరం కలిసి స్కాట్లాండ్ చూసొద్దామనుకున్నాం. ఎడింబరో దాకా రైలు, అక్కడ్నించి 7 రోజులకి కిరాయి కారు. బయల్దేరే ముందు రాత్రి దుల్హాభాయ్‌తో అన్నాను: "ఎక్సెస్ ఇన్సూరెన్స్ విడిగా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. రోజుకి 4 పౌండ్లే. తీసేసుకుందామా?" ఆయన చెవులు పట్టుకున్నారు. "తౌబా! ఇన్సూరెన్స్ హరామ్ కదా మియా. అల్లా మీద భరోసా లేదా నీకు?"

పెద్దాయన. నోరు మూసుకున్నాను.

మర్నాడు కౌంటర్‌లో కుర్రాడు నవ్వుతూనే చెప్పాడు. ఈ కారుకి ఎక్సెస్ 1,500 పౌండ్లు, చిన్న గీత పడినా మీ కార్డులోంచి కోస్తాం, రోజుకి 22 పౌండ్లు కట్టేస్తే బేఫికర్‌గా తిరగొచ్చు అని. వెనకాల క్యూ. ఆపా చంకలో చిన్నోడు ఒకటే ఏడుపు. రాత్రి నాకు తవక్కుల్ మీద బయాన్ ఇచ్చిన మనిషి ముఖం పాలిపోయింది. 30 సెకన్లలో దస్తఖత్ అయిపోయింది. 154 పౌండ్లు. మన రూపాయల్లో పదహారు వేల పైమాటే. 28 పౌండ్లకి హరామ్ అయినది 154 పౌండ్లకి హలాల్ ఎట్లా అయిందో ఏ ముఫ్తీ సాబ్ అయినా నాకు చెప్పాలి!

అసలు ఈ ఎక్సెస్ ఏమిటో తెలియకుండానే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. బ్రిటన్‌లో కారు కిరాయికి తీసుకుంటే, ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా కానూన్ ప్రకారం అందులోనే ఉంటుంది. కారు దెబ్బతిన్నా, చోరీ అయినా చూసుకునే కవర్ కూడా మామూలుగా కిరాయిలోనే కలిసి ఉంటుంది. కాకపోతే నష్టంలో మొదటి హిస్సా మనది. అదే ఎక్సెస్. ఆ హిస్సా మేం అడగంలే అని కంపెనీ వాడు కౌంటర్‌లో అమ్మేది ఒకటి. ముందు నువ్వు కంపెనీకి కట్టెయ్యి, రసీదులు పంపితే నీకు తిరిగి ఇస్తాం అని బయటి ఇన్సూరెన్స్ వాళ్లు అమ్మేది ఇంకొకటి. మనం దిగే భయం ఒకటే, ధరలో మాత్రం జమీన్ ఆస్మాన్ ఫరక్. ఏడాదిలో రెండు మూడు సార్లు కారు తీసుకునేవాళ్లకి సాలానా పాలసీ ఇంకా చవక.

అంత పోసి కొన్న ఆ కౌంటర్ సరుకు అయినా పనికొచ్చిందా? హైలాండ్స్‌లో ఒక సన్న రోడ్డు మీద గుంతలో పడి టైరు పక్కన చీలింది. కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకో 140 పౌండ్లు లాగారు. ఇదేంటి భాయ్ అంటే, మీరు కొన్న ప్యాకేజీలో టైర్లు, అద్దాలు లేవు, దానికి పైది కొనాల్సింది అన్నారు. కాగితంలో ఉంది నిజమే, చీమ కాళ్లంత అక్షరాల్లో. బయటి పాలసీల్లో టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం, పైకప్పు చాలావాటిలో కలిసే ఉంటాయి. కొనేముందు చదువుకోవాలి, అంతే.

వాళ్లది లాలచ్, సరే. 2015లో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ ఒత్తిడి చేస్తేనే, యూరప్‌లో వ్యాపారం చేసే 5 పెద్ద కిరాయి కంపెనీలు ఎక్సెస్ సంగతీ ఖర్చుల సంగతీ ముందే సాఫ్‌గా చెప్తామని ఒప్పుకున్నాయి. ఆ మాట అంతదాకా వెళ్లిందంటే అర్థం చేసుకోండి. కానీ నా కోపం ఎక్కువ మన మీదే.

మామూలు బీమాలో గరర్ ఉంది, నాజాయజ్ అని 1985లో జెడ్డాలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానం చేసింది. సహకార పద్ధతిలో నడిచేదాన్ని, అంటే మనం తకాఫుల్ అనే దారిని, బదులుగా చూపించింది. ఆ మాట మీద నిలబడేవాళ్లంటే నాకు ఇజ్జతే. అయితే పూర్తిగా నిలబడాలి కదా. ఆ 1,500 చేతిలో ఉంచుకుని, రెండూ కొనకుండా, జాగ్రత్తగా నడపాలి. లేదా ఎక్సెస్ తక్కువున్న బండి వెతుక్కోవాలి. లేదా బస్సెక్కాలి. ఇంట్లో ఫత్వా, కౌంటర్‌లో దస్తఖత్... ఇది తఖ్వా కాదు, సోమరితనం. ఒంటెని కట్టేసే తాడు చవకగా దొరుకుతుంటే వద్దని, చివరి నిమిషంలో బంగారు గొలుసు కొనడం.

ఇంకో మాట ఎవరూ ఎత్తరు. మన ఫిఖ్‌లో ఇజారా కింద వస్తువు తీసుకున్నవాడు అమీన్. అతని తప్పు, నిర్లక్ష్యం లేకుండా వస్తువు పాడైతే జుర్మానా అతని మీద వెయ్యకూడదని పాత ఫుఖహా రాసినదే. పార్కింగ్‌లో ఎవడో గుద్ది పోయినా నీ 1,500 కోస్తాననే ఎక్సెస్‌లోనే మొదటి జులుమ్ ఉంది. దాన్ని వదిలేసి, ఆ జులుమ్ నుంచి జేబు కాపాడుకునే బీదవాడి మీద మన ఫత్వాలు.

బీదవాడు అని ఊరికే అనడం లేదు. బయటి పాలసీ ఉన్నా కౌంటర్‌లో డిపాజిట్ తప్పదు. దానికి చాలా చోట్ల డ్రైవర్ పేరు మీద క్రెడిట్ కార్డే అడుగుతారు. సూద్ భయంతో క్రెడిట్ కార్డు పెట్టుకోని మన పిల్లలకి కొన్ని కౌంటర్లలో, డెబిట్ కార్డు అయితే మా ప్యాకేజీ కొనాల్సిందే అంటారు. సూద్ తప్పించుకున్నందుకు జుర్మానా! అందుకే బుక్ చేసేముందే ఆ కంపెనీ డెబిట్ కార్డు రూల్ చూడాలి. అక్కడికి వెళ్లాక చూస్తే మీ చేతిలో ఏమీ ఉండదు.

చదువుకోడానికి వెళ్లిన కుర్రాళ్లకి కూడా కాస్త చేదు మాట. ఒకడి పేరు మీద కారు, నలుగురు వంతులేసుకుని నడపడం. ఒప్పందంలో పేరు లేనివాడు నడిపినప్పుడు ఏమన్నా అయితే ఎక్సెస్ పాలసీ పైసా ఇవ్వదు, కంపెనీ కవర్ కూడా పోతుంది. అది కంపెనీకే కాదు, పక్క సీట్లో కూర్చున్న దోస్త్‌కి కూడా ధోకా.

పాలసీ కారు తీసుకోకముందే కొనాలి. బ్రిటన్‌లో అమ్మేవి చాలావరకు అక్కడ నివాసం ఉన్నవాళ్లకే. చూడ్డానికి వెళ్లిన అబ్బా ఇండియా లైసెన్స్‌తో నడపొచ్చు గానీ ఆ పాలసీ ఆయనకి వర్తించకపోవచ్చు, బయటి దేశాల వాళ్లకి ఇచ్చేది వెతకాలి. "మీ పాలసీ ఇక్కడ చెల్లదు" అని కౌంటర్‌లో అంటే కంగారు పడకండి. వాళ్ల దగ్గర చెల్లాల్సిన అవసరమే లేదు, డబ్బు తిరిగి ఇచ్చేది వేరేవాళ్లు. తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ నాలుగు వైపులా వీడియో, ఒప్పందం కాగితం, డ్యామేజ్ బిల్లు, కార్డు స్టేట్‌మెంట్ దాచుకోండి. ఇవి లేకపోతే క్లెయిమ్ లేదు.

దుల్హాభాయ్ ఇది చదువుతారని తెలుసు. డిసెంబర్‌లో వేల్స్ వెళ్తున్నారట. ఆపా నిన్న ఫోన్‌లో మెల్లగా అడిగింది: "ఆ నాలుగు పౌండ్లది లింక్ పంపు, ఆయనకి చెప్పకు."